రక్తంలో మందును కొలవడం – 3వ పాఠం: ప్లాస్మాలోంచి పెప్టైడ్‌ను బయటికి తీయడం

పోయిన పాఠంలో కాలిబ్రేషన్ గీత, అంటే తెలిసిన గాఢతలకు మెషిన్ ఇచ్చే అంకెల గీత, గీశాం. గీత చక్కగా వచ్చినా అసలు శాంపిల్ పెట్టగానే లెక్క తప్పుతోందంటే, చాలాసార్లు లోపం మెషిన్‌లో (మాస్ స్పెక్ట్రోమీటర్‌లో) ఉండదు, దానికి ముందు ట్యూబులో చేసే పనిలో ఉంటుంది.

మన ఉదాహరణ ఎన్‌ఫువిర్టైడ్. 2003లో అమెరికాలో అనుమతి పొందిన హెచ్ఐవీ మందు, 36 అమైనో ఆమ్లాలు గొలుసులా కలిసిన పెప్టైడ్. దీని మోతాదు రోజుకు రెండుసార్లు 90 మిల్లీగ్రాములు, చర్మం కింద ఇంజెక్షన్‌గా. అలా తీసుకునేవారి ప్లాస్మాలో (రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) మిల్లీలీటరుకు సుమారు 3 నుంచి 5 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మిల్లీలీటరులో ప్రోటీన్లు 70 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి, అంటే మందుకు పది వేల రెట్ల పైమాటే. పైగా మందులో దాదాపు 92 శాతం ఆ ప్రోటీన్లనే పట్టుకుని ఉంటుంది.

మామూలు చిన్న అణువుల మందైతే ప్లాస్మాకు మూడింతలు ఎసిటోనైట్రైల్ (ప్రోటీన్లను గడ్డకట్టించే ద్రావకం) పోసి, కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనున్న ద్రవం తీసుకుంటే సరిపోతుంది. పెప్టైడ్ దగ్గర ఆ అలవాటు పనికిరాకపోవచ్చు. ద్రావకం మరీ ఎక్కువైతే ప్రోటీన్లతోపాటు మన పెప్టైడూ అడుక్కు దిగిపోతుంది. మరీ తక్కువైతే ప్రోటీన్లు మిగిలిపోయి కాలమ్‌ను, అంటే మెషిన్‌కు ముందు పదార్థాలను వేరుచేసే గొట్టాన్ని, పూడ్చేస్తాయి. అందుకే ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి మూడు పాళ్లలో విడివిడిగా చేసి చూడండి.

ఎంత దక్కిందో ఇలా తెలుస్తుంది. మందు లేని ప్లాస్మా తీసుకుని, ఒక ట్యూబులో ముందే మందు కలిపి ప్రోటీన్లు తీసేయండి. ఇంకో ట్యూబులో ప్రోటీన్లు తీసేశాక, చివరి ద్రవంలో అంతే మందు కలపండి. మొదటిదానిలో పీక్ వైశాల్యం (మందుకు మెషిన్ చూపే సంకేతం పరిమాణం) 6,200, రెండోదానిలో 8,000 వచ్చాయనుకుందాం. 6,200ను 8,000తో భాగిస్తే 77.5 శాతం. ఈ అంకె ఎక్కువగా ఉండటం కన్నా ప్రతిసారీ ఒకేలా ఉండటం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కంటికి కనబడని నష్టం ఒకటి. పెప్టైడ్‌లు గాజుకూ ప్లాస్టిక్‌కూ అంటుకుంటాయి. ప్లాస్మాలోనైతే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ట్యూబు గోడను ముందే కప్పేస్తుంది కనుక మందు చాలావరకు నిలుస్తుంది. ఉత్త నీళ్లలో పలుచన చేసిన ద్రావణంలో ఆ రక్షణ ఉండదు. ట్యూబు నుంచి ట్యూబుకు మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది, తక్కువ గాఢతల్లో ఆ నష్టం శాతం మరీ పెరుగుతుంది. గీత కింది చివర వంగిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పలుచన ప్లాస్మాలోనే చేయండి, లేదా ద్రావణంలో కొంత ఆమ్లం, ఎసిటోనైట్రైల్ ఉంచండి.

ఇంకో చిక్కు. శరీరంలో ఈ మందు గొలుసు చివరనున్న అమైడ్ అనే భాగం విరిగి ఆమ్లంగా మారుతుంది. బరువు పెరిగేది ఒక్క డాల్టన్ (అణువుల బరువుకు కొలమానం) మాత్రమే. మందు బరువు 4,492. మెషిన్ చూపేది బరువును విద్యుత్ ఆవేశాల సంఖ్యతో భాగించిన అంకె కనుక, నాలుగు ఆవేశాలతో అది 1,124 దగ్గర కనిపిస్తుంది. అక్కడ ఆ ఒక్క డాల్టన్ తేడా కాస్తా పావు వంతు అవుతుంది. మెషిన్‌లో ఈ అంకెను బట్టి అణువులను వేరుచేసే మామూలు క్వాడ్రుపోల్ దాన్ని విడదీయలేదు కాబట్టి రెండింటినీ కాలమ్‌లోనే వేరు చేయాలి. ఎలాగన్నది 4వ పాఠంలో.

అప్పటిలోగా మూడు ఆవేశాలతో మందు ఎక్కడ కనిపిస్తుందో లెక్కగట్టండి. ప్రతి ఆవేశానికీ ఒక ప్రోటాన్ బరువు కలపడం మరవకండి.