1965 ఫోర్డ్ మస్టాంగ్ 289 (289 క్యూబిక్ అంగుళాల ఇంజన్): ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంచాలా, హెడర్లు వేయాలా?

సమస్య: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు. వేడెక్కాక తగ్గిపోతుంది.

కారణం: చాలాసార్లు ఎగ్జాస్ట్ లీకే. సిలిండర్ల పొగను పోగుచేసి పైపులోకి పంపే పోత ఇనుము మానిఫోల్డ్ ఏళ్ల తరబడి కాగుతూ చల్లారుతూ వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటుంది, అందుకే చప్పుడు ఆగుతుంది. వాల్వులను ఎత్తే లిఫ్టర్ చప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి తేల్చుకోవాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు షాప్ వ్యాక్యూమ్ గొట్టాన్ని గాలి వదిలే వైపు పెట్టి సైలెన్సర్ పైపులోకి గాలి ఊదుతూ, మానిఫోల్డ్ అంచుల వెంట సబ్బునీళ్లు చల్లండి. బుడగలు పొంగిన చోటే లీకు. సిలిండర్ హెడ్ దగ్గర నల్లటి మసి చార ఉన్నా అదే గుర్తు. దీన్ని వాయిదా వేయకండి. కారులోకి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

పరిష్కారం: వంగినదైతే మెషిన్ షాపులో ఫేసింగ్ (అంచు చదును) చేయించి, కొత్త గాస్కెట్‌తో మధ్య బోల్టుల నుంచి చివరలకు బిగించండి. పగిలినదైతే మార్చేయడమే మేలు. పోత ఇనుముకి వేసిన వెల్డింగ్ మళ్లీ విచ్చుకోవడం మామూలే.

ఈ చప్పుడు విని చాలామంది నేరుగా హెడర్లు (మానిఫోల్డ్ బదులు ఒక్కో సిలిండర్‌కి విడి పైపు ఉండే సెట్టు) కొంటారు. తొందరపడకండి. మస్టాంగ్‌నే మార్చి చేసిన షెల్బీ జీటీ350లో 271 హార్స్‌పవర్ 289 ఇంజన్‌ని 306కి తెచ్చినప్పుడు ట్రై-వై హెడర్లతో (నాలుగు పైపులు రెండుగా, ఆ రెండు ఒకటిగా కలిసేవి) పాటు అల్యూమినియం ఇన్‌టేక్, 715 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) హాలీ కార్బురేటర్ కూడా పెట్టారు. మామూలు ఇంజన్ మీద హెడర్లు మాత్రమే వేస్తే ఒరిగేది తక్కువ, చికాకులు ఎక్కువ.

సమస్య: హెడర్లు వేశాక నల్లపొగ, పెట్రోల్ వాసన.

కారణం: ఆటోమేటిక్ చోక్, అంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే కార్బురేటర్ మూత. దానికి వెచ్చటి గాలి మానిఫోల్డ్ నుంచి సన్నటి గొట్టంలో వచ్చేది. హెడర్లలో ఆ ఏర్పాటు ఉండదు, చోక్ తెరుచుకోదు.

పరిష్కారం: ఎలక్ట్రిక్ చోక్ పెట్టించండి. వైరు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే చోట కలపాలి, 12 వోల్టులు పూర్తిగా అందాలి. కాయిల్‌కి వెళ్లే వైరుకి కలపొద్దు. దారిలో రెసిస్టెన్స్ ఉంటుంది, వోల్టేజీ పడిపోతుంది.

సమస్య: హెడర్ల వేడికి ప్లగ్ వైర్లు కాలడం, క్లచ్ రాడ్‌కి పైపు తగలడం.

పరిష్కారం: లాంగ్ ట్యూబ్ (పొడవాటి పైపుల) హెడర్లు వద్దు. క్యామ్ (వాల్వులను నడిపే షాఫ్ట్), కార్బురేటర్ మార్చిన ఇంజన్ అయితే ట్రై-వై తీసుకోండి, సెరామిక్ కోటింగ్ ఉన్నది మంచిది. కొనేముందు మీ క్లచ్‌కి, పవర్ స్టీరింగ్‌కి సరిపోతుందో అడగండి. కొద్దిసార్లు కాగి చల్లారాక బోల్టులు తప్పకుండా మళ్లీ బిగించండి.