ఏ నగరంలో ఎంత మిగులుతుంది?

రెండు నగరాల నుంచి ఉద్యోగం ఆఫర్లు వస్తే చాలామంది ముందు చేసే పని, ఖరీదైన నగరాల జాబితా తీసి చూడటం. ఆ జాబితాలు తప్పని కాదు. కానీ అవి ఎవరి కోసం తయారయ్యాయో తెలియాలి. మెర్సర్ సంస్థ లెక్క, ఉద్యోగులను వేరే దేశాలకు పంపే కంపెనీల కోసం. అందులో కొలబద్ద న్యూయార్క్. ఏ కరెన్సీ అయినా డాలరుతోనే పోలుస్తారు కాబట్టి డాలరు బలపడితే, ధరలేమీ తగ్గకపోయినా ఒక నగరం జాబితాలో కిందికి జారవచ్చు. జీతం అక్కడి కరెన్సీలోనే తీసుకునేవారికి దానితో పెద్దగా పని లేదు.

నగరాల ధరలు పోల్చే నంబియో వెబ్‌సైటులో ధరలు ఎక్కువగా ఆయా నగరాల్లో ఉండేవాళ్లే నమోదు చేస్తారు. పెద్ద నగరాలకు బాగానే పనికొస్తుంది, చిన్న ఊళ్లకు అంతగా నమ్మలేం. ఇంకో మెలిక ఉంది: దాని జీవన వ్యయ సూచీలో ఇంటి అద్దె కలపరు, అద్దెకు వేరే సూచీ ఉంటుంది. అది చూడకుండా "ఈ ఊరు చవకే" అనుకుని, తర్వాత అద్దె తెలిసి టెన్షన్ పడినవాళ్లున్నారు.

కాబట్టి మీ లెక్క మీరే వేసుకోండి. ముందు చేతికొచ్చే జీతం. పన్నులు ఒకే దేశంలో కూడా మారతాయి: కాలిఫోర్నియాలో రాష్ట్ర ఆదాయపన్ను ఉంది, టెక్సస్‌లో లేదు. కోతలన్నీ జీతం చీటీలో కనిపించవు కూడా. జ్యూరిక్‌లో జీతాలు ఎక్కువే, కానీ స్విట్జర్లాండ్‌కు వచ్చిన మూడు నెలల్లోగా ఆరోగ్య బీమా ఎవరికి వారే తీసుకుని ప్రీమియం కట్టుకోవాలి.

తర్వాత అద్దెను, రాకపోకలను కలిపి ఒకే ఖర్చుగా చూడండి. విడదీస్తే మోసపోతాం. ఉదాహరణకు, ఏ కరెన్సీ అయినా సరే, పెద్ద నగరంలో నెలకు చేతికి 70 వస్తే అద్దెకు 35, మెట్రోకు 3, మిగతా వాటికి 20 పోయి 12 మిగులుతుంది. చిన్న ఊళ్లో 58 వస్తే అద్దె 18 మాత్రమే. కానీ కారు లేకపోతే గడవదు; దాని వాయిదా, బీమా, ఇంధనం, పార్కింగ్ కలిపి 10, మిగతా వాటికి 18. అక్కడా మిగిలేది 12! నేను మొదటిసారి అద్దె ఒక్కటే చూసి ఊరి చివర ఇల్లు తీసుకున్నాను. ఆరు నెలలకే కారు కొనాల్సి వచ్చింది.

పిల్లలుంటే డేకేర్ ఫీజు అద్దెతో పోటీ పడవచ్చు, ముందే కనుక్కోండి.

మొదటి నెల ఖర్చు మాత్రం ఈ లెక్కలో కలపకండి. అడ్వాన్సు, తాత్కాలిక బస, మంచం, గిన్నెలు ఒక్కసారే పడతాయి, వాటికి విడిగా డబ్బు పెట్టుకోవాలి. అద్దె ఒప్పందంపై సంతకం చేసేముందు కరెంటు, నీళ్లు, హీటింగ్ అందులో కలిసున్నాయా అని అడగండి. వీలైతే ఒక పనిదినం ఉదయం ఆ ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి చూడండి.