ఫ్రిస్కింగ్: ఆ మాటకి అర్థం, గేటు దగ్గర వాడే తీరు

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పనికి వెళ్లే కుర్రాడికి ఈ మాట మొదటిరోజే ఎదురవుతుంది. నీట్ పరీక్ష సూచనల్లో ఉంటుంది. విశాఖ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కబోయేవాళ్ల చెవినా పడుతుంది. చాలామంది దాన్ని 'చెకింగ్' అని సరిపెట్టుకుంటారు. అక్కడే తేడా వస్తుంది.

ఫ్రిస్క్ అంటే మనిషి ఒంటిమీద బట్టలు అలాగే ఉంచి, పైపైన చేత్తో తడిమి, ఏమైనా దాచుకున్నాడేమో చూడటం. లోహాన్ని పసిగట్టే చేతి డిటెక్టర్ తిప్పి చూసినా మన దగ్గర ఫ్రిస్కింగే అంటారు. స్పెల్లింగు ఎఫ్, ఆర్, ఐ, ఎస్, కె. పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి, లేకపోతే 'ప్రిస్క్' అయిపోతుంది. చివర 'కు' అని సాగదీయకూడదు. జరిగిపోయిన పనికి ఇ, డి చేరుస్తాం గానీ పలకడం మాత్రం 'ఫ్రిస్క్ట్'. కింది ఉదాహరణల్లో స్పెల్లింగు గుర్తుండేలా 'ఫ్రిస్క్‌డ్' అని రాశాం.

మనకి తికమక ఎందుకంటే, తెలుగులో 'తనిఖీ' అన్నిటికీ సరిపోతుంది. బస్సులో టికెట్లు చూసినా తనిఖీ, రేషన్ డిపోలో స్టాకు చూసినా తనిఖీ, ఒళ్లు తడిమినా తనిఖీయే. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట. టికెట్‌ని చెక్ చేస్తారు. స్టాకునీ యంత్రాన్నీ ఇన్‌స్పెక్ట్ చేస్తారు. ఇంటిని, బండిని, బ్యాగుని సెర్చ్ చేస్తారు. ఫ్రిస్క్ చేసేది మనిషిని మాత్రమే. అందుకే 'ఐ ఫ్రిస్క్‌డ్ హిజ్ బ్యాగ్' తప్పు. 'ఐ ఫ్రిస్క్‌డ్ హిమ్ అండ్ సెర్చ్‌డ్ హిజ్ బ్యాగ్' ఒప్పు. దేనికోసం వెతికారో చెప్పాలంటే 'ఫర్' వస్తుంది: 'వర్కర్స్ ఆర్ ఫ్రిస్క్‌డ్ ఫర్ లైటర్స్ అండ్ మ్యాచ్‌బాక్సెస్.'

బోర్డు మీద 'సబ్జెక్ట్ టు ఫ్రిస్కింగ్' అని ఉంటే, తడిమి చూసే అవకాశం ఉంది, ఒప్పుకునే లోపలికి రావాలి అని అర్థం. ప్రతివాళ్లనీ చూసి తీరతారని కాదు. 'మే బీ ఫ్రిస్క్‌డ్' కూడా అంతే. 'మస్ట్ అండర్‌గో ఫ్రిస్కింగ్' అంటే మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

దగ్గర మాటలు రెండున్నాయి. 'పాట్ డౌన్' అమెరికాలో ఎక్కువ వాడతారు. పాట్ అంటే తట్టడం, కాబట్టి చేత్తో చేసేదానికే అది వర్తిస్తుంది. 'స్ట్రిప్ సెర్చ్' అంటే బట్టలు విప్పించి వెతకడం, అది పూర్తిగా వేరు. రిజిస్టరులో ఈ రెండో మాట పొరపాటున రాస్తే గార్డు మీదకి పెద్ద గొడవే వస్తుంది. 'ఫ్రిస్కీ' అనే మాటకీ సోదాకీ సంబంధం లేదు. ఫ్రిస్క్‌కి పాత అర్థం గెంతులేయడం, గొర్రెపిల్ల గెంతినట్టు. ఫ్రిస్కీ అంటే అలా హుషారుగా ఉండటం.

ఇక చేసే పద్ధతి. డ్యూటీ ఎక్కగానే చేతి డిటెక్టర్‌ని తాళాలగుత్తి మీద తిప్పి చూడాలి. బ్యాటరీ తగ్గితే చిన్న వస్తువులు దానికి అందవు. వచ్చినవాళ్లని జేబుల్లో ఉన్నవన్నీ ట్రేలో పెట్టమని, చెక్క పీట ఎక్కి నిలబడమనాలి. పీట ఎందుకంటే, కాంక్రీటు నేలలోని ఇనుప ఊచలకి కూడా డిటెక్టర్ కూత పెడుతుంది. కాళ్ల దగ్గర ఊరికే మోగిందంటే చాలాసార్లు కారణం అదే.

'ప్లీజ్ స్ట్రెచ్ యువర్ ఆర్మ్స్' అని చెప్పి చేతులు పక్కకి చాపించాలి. మన ఊరివాళ్లయితే 'బాబూ, చేతులు కాస్త పక్కకి చాపండి' అంటే చాలు. డిటెక్టర్‌ని ఒంటికి అంగుళం దూరంలో నెమ్మదిగా తిప్పాలి. కాలరు దగ్గర మొదలుపెట్టి చెయ్యి పైనా కిందా, చంక, ఛాతీ పక్క, నడుము, జేబు, కాలి బయటివైపు మడమ దాకా, లోపలివైపు, ఆ తర్వాత రెండో పక్క. 'టర్న్ అరౌండ్, ప్లీజ్' అన్నాక వీపు వైపు అదే వరస. వరస మారితే ఏదో ఒకటి వదిలేస్తాం. ఎక్కువగా వదిలేసేవి నడుము వెనక, మేజోళ్లు, టోపీ లోపల. చేత్తో చూడాల్సివస్తే తట్టుతూ పోవాలి గానీ వేళ్లతో పట్టి నొక్కకూడదు. సున్నితమైన చోట చేతి వెనకవైపే వాడాలి.

మన జిల్లాల్లో నడుము దగ్గర మోగితే ముందు అనుమానించాల్సింది వెండి మొలతాడునో, దానికి కట్టిన తాయెత్తునో. పెద్దవాళ్ల కాళ్ల దగ్గరైతే కడియాలు, మెట్టెలు. వాటిని తీయించే పని లేదు. ఏమిటో అడిగి, బట్ట మీదనుంచే తడిమి ఆకారం తెలుసుకుంటే సరిపోతుంది. గుండె సరిగా కొట్టుకోవడానికి అమర్చే పేస్‌మేకర్ ఉందని ఎవరైనా చెబితే డిటెక్టర్‌ని ఛాతీ దగ్గరకి తీసుకెళ్లకుండా చేత్తోనే చూడాలి.

ఆడవాళ్లని ఆడవాళ్లే, తెర చాటున చూడాలి. అరెస్టయిన స్త్రీని మరో స్త్రీయే, మర్యాదకి భంగం లేకుండా సోదా చేయాలని నేరాల కేసుల్లో పోలీసులు, కోర్టులు పాటించాల్సిన పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 49వ సెక్షను చెబుతోంది. పోలీసులకే అంత కట్టడి ఉన్నప్పుడు ఫ్యాక్టరీ గార్డు సంగతి చెప్పక్కర్లేదు. గేటు దగ్గర మహిళా గార్డు లేకపోతే బ్యాగు చూసి ఆపేయాలి, సూపర్‌వైజర్‌కి కబురు పెట్టాలి.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. 2006 నాటి కేంద్ర మాదిరి నియమాల్లో గార్డుకి 160 గంటల శిక్షణ పెట్టారు, అందులో తరగతిలో 100, పనిచోట 60. గుర్తింపు పత్రాల్లోనూ తనిఖీ పత్రంలోనూ ఉండే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదవగలగడం కూడా అందులో భాగంగా పెట్టారు. చదివితే సరిపోదు, నాలుగు ముక్కలు రాయడం కూడా నేర్చుకుంటే ఉద్యోగంలో నిలబడతారు. రిజిస్టరులో ఇలా రాయండి: 'వన్ కాంట్రాక్ట్ వర్కర్ వాజ్ ఫ్రిస్క్‌డ్ ఎట్ గేట్ నంబర్ 2 ఎట్ 6:10 ఎ.ఎం. వన్ లైటర్ ఫౌండ్. డిపాజిటెడ్ ఎట్ గేట్, టోకెన్ 14.'

ఇక్కడ 'సీజ్‌డ్', అంటే స్వాధీనం చేసుకున్నాం అని రాయొద్దు. సీజ్ చేయడం చట్టం అధికారం ఇచ్చినవాళ్ల పని. గార్డు చేసేది వస్తువు తీసి ఉంచి, టోకెన్ ఇచ్చి, షిఫ్టు దిగాక తిరిగి ఇవ్వడం. ఇచ్చాక అదే వరసలో 'రిటర్న్‌డ్' అని రాసి, టైము వేసి, ఆ మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి.