గుడ్ల పొడి, లిక్విడ్ ఎగ్ యూనిట్‌కు ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు: దరఖాస్తు విధానం

కోళ్ల ఫారం రైతు ట్రేలలో గుడ్లు అమ్ముకున్నంత కాలం ఆహార భద్రతా చట్టం అతని జోలికి రాదు. 2006లో చేసిన ఆ చట్టమే రైతునూ సాగు పనులనూ పక్కన పెట్టింది. అదే రైతు గుడ్డు పగలగొట్టి, సొనను డబ్బాల్లో నింపి బేకరీకి పంపిన రోజు నుంచి తయారీదారు అవుతాడు. అక్కడి నుంచి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్సు కావాలి. తణుకు వైపు ఫారాలవాళ్ళు గుడ్డు ధర పడిపోయినప్పుడల్లా పొడి యూనిట్ గురించి ఆలోచిస్తుంటారు కాబట్టి, ఈ దరఖాస్తు ఎలా పెట్టాలో మొదటి నుంచీ చూద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. చాలామంది యంత్రాలు కొని, షెడ్డు వేసి, చివర్లో లైసెన్సు సంగతి చూస్తారు. ఇది తిరగేసిన పని. దరఖాస్తు అడిగేదంతా యంత్రాల గురించే. ఏ యంత్రం, ఎంత సామర్థ్యం, ఏ గదిలో, దేని తర్వాత ఏది అన్నది తేలకుండా ఫారం నింపలేరు. కట్టిన గోడను మళ్ళీ పగలగొట్టడం కంటే కాగితం మీద గీత చెరపడం సులువు.

ఏ లైసెన్సు మీది?

2011 లైసెన్సింగ్ నిబంధనల పట్టిక ప్రకారం తయారీ యూనిట్లకు రోజు సామర్థ్యమే కొలత. రోజుకు 100 కిలోల లోపు, అదీ ఏడాదికి 12 లక్షల టర్నోవరు దాటని చిన్న పని అయితే ఫారం ఏతో రిజిస్ట్రేషన్ సరిపోతుంది. అక్కడి నుంచి 2 టన్నుల వరకు రాష్ట్ర లైసెన్సు, 2 టన్నులు దాటితే కేంద్ర లైసెన్సు. ఈ రెండింటికీ ఫారం బీ. నూటికి నూరు శాతం ఎగుమతి యూనిట్ అయితే సామర్థ్యంతో పనిలేకుండా కేంద్రానిదే. అదే పట్టికలో ఏడాది ఫీజు కేంద్ర లైసెన్సుకు 7,500 రూపాయలు, రాష్ట్ర లైసెన్సులో టన్ను దాటిన తయారీదారుకు 5,000, టన్ను లోపు 3,000. ఈ పరిమితులను సవరిస్తుంటారు కాబట్టి, దరఖాస్తు పెట్టే రోజున ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుల వెబ్‌సైటు ఫోస్కోస్ పోర్టల్‌లోని అర్హత పేజీ చూపే లెక్కనే తీసుకోండి.

గుడ్ల విషయంలో ఈ 2 టన్నుల గీత తికమక పెడుతుంది. గుడ్డుకు పెంకు పోగా 45 గ్రాముల సొన వస్తుందనుకుందాం. 2 టన్నుల సొనకు 44 వేల పైచిలుకు గుడ్లు, అంటే 1,500 ట్రేల లోపే. గంటకు 20 వేల గుడ్లు పగలగొట్టే యంత్రం ఆ పని రెండుంపావు గంటల్లో ముగిస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టులో అది ఇచ్చేది 7 టన్నుల పైనే. లిక్విడ్‌గా అమ్మితే కేంద్ర లైసెన్సు తప్పదు. కానీ సొనలో దాదాపు ముప్పావు వంతు నీరే. నాలుగు కిలోల సొన ఆరితే గానీ కిలో పొడి రాదు. అదే షిఫ్టు సొన మొత్తాన్ని పొడి చేస్తే చేతికొచ్చేది 1.8 టన్నులు. ఒకే యంత్రం, ఒకే గుడ్లు, అమ్మే సరుకు మారితే లైసెన్సు స్థాయే మారిపోయింది. ‘కొంచెం లిక్విడ్, కొంచెం పొడి’ అని అంచనాగా రాసేవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. ఏది ఎంతో విడివిడిగా రాయండి. రాష్ట్ర స్థాయిలో ఉండాలని సామర్థ్యం తగ్గించి రాయకండి. మీరే జతచేసిన యంత్రాల జాబితా ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది.

పోర్టల్‌లో నింపే పద్ధతి

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే, ఫోస్కోస్ పోర్టల్‌లో. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి రాష్ట్రాన్ని ఎంచుకుని, వ్యాపార రకంలో సాధారణ తయారీని తీసుకోవాలి. మాంసం యూనిట్ల గడిలోకి వెళ్ళకండి. తర్వాత ఆహార వర్గం. గుడ్లు, గుడ్డు ఉత్పత్తులది 10వ వర్గం. అందులో లిక్విడ్ ఎగ్ 10.2.1, గడ్డకట్టించిన సొన 10.2.2, పొడి 10.2.3. మయోనీస్ కూడా చేద్దామనుకుంటే అది 10లో ఉండదు, సాసుల వర్గమైన 12లో వెతకాలి. మొదట్లోనే రెండేళ్ళ ఆలోచన చేసి వర్గాలు టిక్ చేస్తే మంచిది. తర్వాత చేర్చాలంటే మార్పు కోసం మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఎదురుచూపు.

జతచేయాల్సిన కాగితాల్లో మామూలువి ఎవరైనా చెప్తారు: యజమాని లేదా భాగస్వాముల గుర్తింపు, చిరునామా, స్థలం మీదో అద్దెదో చూపే పత్రం, భాగస్వామ్య ఒప్పందం లేదా కంపెనీ పత్రాలు, బాధ్యుడైన వ్యక్తిని నియమిస్తూ ఫారం 9. నీటి పరీక్ష రిపోర్టు గుర్తింపు ఉన్న ల్యాబు నుంచే తీసుకోండి. రసాయన పరీక్ష ఒక్కటే చేయించి బ్యాక్టీరియా పరీక్ష మరిచిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఉత్పత్తిని పర్యవేక్షించడానికి కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి సబ్జెక్టులతో సైన్సు డిగ్రీ లేదా ఫుడ్ టెక్నాలజీ చదివిన ఒక మనిషి ఉండాలన్నది లైసెన్సు షరతుల్లో ఒకటి. ఆ మనిషిని ముందే చూసుకోండి.

బ్లూప్రింట్, యంత్రాల జాబితా

అసలు పని ఇక్కడుంది. బ్లూప్రింట్‌లో ప్రతి గది కొలత మీటర్లలో, ఏ పనికి ఎంత చోటో చూపాలి. యంత్రాల జాబితాలో పేరు, సంఖ్య, సామర్థ్యం, హార్స్‌పవర్ ఉండాలి. ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

గుడ్డు నడిచే దారినే గీయండి. ట్రేలోని గుడ్లను వాక్యూమ్ కప్పులు ఎత్తి వరసలో పెడతాయి. దీపం వెలుగులో చెడ్డవీ కారుతున్నవీ ఏరేస్తారు. తర్వాత వాషర్. కడిగే నీరు గుడ్డు కంటే వేడిగా ఉండాలి. చల్లటి నీళ్ళయితే లోపలి సొన కుంచించుకుని, పెంకు సన్న రంధ్రాల గుండా బయటి మురికినీటిని లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి జాబితాలో వాషర్ ఒక్కటే రాస్తే చాలదు, దాని హీటరూ ఉండాలి. ఆ తర్వాత బ్రేకర్: కత్తులు పెంకును చీలుస్తాయి, కింద కప్పు పచ్చసొనను పట్టుకుంటుంది, తెల్లసొన జారిపోతుంది. ఇక్కడ గోడ రావాలి. ఇటు పెంకులు, మురికి, ట్రేలు, అటు సొన. మనుషులూ గాలీ అటు నుంచి ఇటు రావచ్చు గాని, ఇటు నుంచి అటు పోకూడదు. తనిఖీకి వచ్చే అధికారి మొదట చూసేది ఈ గోడనే.

ఫిల్టరు, చిల్లర్ ట్యాంకు దాటాక పాశ్చరైజర్, అంటే సూక్ష్మజీవులు చచ్చేలా సొనను వేడిచేసే యంత్రం. పాల డెయిరీలో వాడిన పాత పాశ్చరైజర్ చవగ్గా దొరికిందని కొనేవాళ్ళున్నారు. అది పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచేలా కట్టింది. గుడ్డును అక్కడికి తీసుకెళ్తే గొట్టంలోనే పొరటు అయిపోతుంది. తెలుపూ పచ్చా కలిసిన మొత్తం సొనకు అమెరికా పాత నిబంధనల్లో 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు, బ్రిటన్ పాత నిబంధనల్లో 64.4 డిగ్రీల దగ్గర రెండున్నర నిమిషాలు ఉండేది. తెల్లసొన ఇంకా సున్నితం, 56.7 డిగ్రీలే. అంటే వేడి సరుకు ఆ సమయమంతా ప్రయాణించే హోల్డింగ్ గొట్టం పాల యంత్రంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పొడవు పెరగాలి. మీ ఆహార భద్రతా ప్రణాళికలో ఉష్ణోగ్రత, సమయం రాసినప్పుడు ఆ గొట్టం పొడవు దానికి లెక్క కుదరాలి. వేడి చాలకపోతే సొనను వెనక్కి మళ్ళించే వాల్వును కూడా జాబితాలో పెట్టండి.

తెల్లసొన పొడి చేసేవాళ్ళు రెండు సంగతులు మరిచిపోతారు. తెల్లసొనలో సహజంగా ఉండే గ్లూకోజును ఈస్టుతోనో ఎంజైముతోనో తీసేయకుండా ఆరబెడితే పొడి ఎర్రబారుతుంది. దానికో ట్యాంకు కావాలి. ఆరిన పొడిలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా చావడానికి దాన్ని 54 డిగ్రీలకు పైబడిన వేడి గదిలో వారం రోజులు ఉంచే పద్ధతి ఉంది. దానికో గది కావాలి. బ్లూప్రింట్‌లో ఈ రెండూ లేకుండా జాబితాలో సొనను పొడిగా ఆరబెట్టే స్ప్రే డ్రయర్ ఒక్కటే కనిపిస్తే, ఈ పని తెలిసిన అధికారి తప్పక ప్రశ్న వేస్తాడు.

పెంకుల గుట్ట, సొన కలిసిన వాడకపు నీరు ఎక్కడికి పోతాయో కూడా గీయండి. సొన నీటికి బీఓడీ, అంటే కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసే గుణం, చాలా ఎక్కువ. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి విడిగా తెచ్చుకోవాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు దానికి బదులు కాదు.

సమర్పించాక

ఫీజు కట్టగానే దరఖాస్తు నంబరు వస్తుంది. లోపం ఉంటే అధికారి దరఖాస్తును వెనక్కి పంపుతాడు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అది తిరస్కరణ కిందికి పోతుంది, ఫీజూ పోతుంది. మెసేజ్ ఏజెంటు ఫోనుకు వెళ్ళి మీకు తెలియకుండా గడువు దాటే ప్రమాదం ఉంది కాబట్టి, ఖాతాలో మీ సొంత నంబరే పెట్టండి. గుడ్డు ఉత్పత్తులు ఎక్కువ ప్రమాదమున్న వర్గంలో ఉన్నాయి. అందుకే లైసెన్సుకు ముందే తనిఖీ ఉంటుందని సిద్ధపడండి. ఆ తర్వాత మూడో పక్షం ఆడిట్, అంటే బయటి సంస్థ చేసే తనిఖీ కూడా ఈ వర్గానికి తప్పనిసరి. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో నిర్ణయం రావాలన్నది నిబంధన.

లైసెన్సు 14 అంకెల నంబరుతో వస్తుంది. ఆ నంబరు ప్యాకెట్ మీదా బిల్లు మీదా ఉండాలి. ప్యాకెట్ మీద మాంసాహార గుర్తు, అంటే గోధుమ రంగు చతురస్రంలో త్రికోణం తప్పదు. సరుకులో గుడ్డు తప్ప వేరే మాంసాహారం లేకపోతే ఆ సంగతి పక్కన రాసుకోవచ్చు. సరుకును ఆరు నెలలకోసారి ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు పోర్టల్‌లో పెట్టాలి. పాతిక మంది పనివాళ్ళకు ఒకరు చొప్పున ఫోస్టాక్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార భద్రతా శిక్షణ) పొందిన సూపర్‌వైజరు ఉండాలి.

ఏటా మే 31 లోపు డీ1 రిటర్నులో ఏ సరుకు ఎంత తయారైందో రాస్తారు. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు. రాష్ట్ర లైసెన్సుతో పొడి మొదలుపెట్టి, మధ్యలో రెండో షిఫ్టు నడిపితే రోజు ఉత్పత్తి 2 టన్నులు దాటుతుంది. ఆ షిఫ్టుకు మనుషుల్ని పెట్టుకునే ముందే కేంద్ర లైసెన్సుకు దరఖాస్తు వేయండి, డీ1 దాకా ఆగకండి.