స్టాక్‌హోమ్‌లో దిగారా? ముందు పేర్లు చదవండి

పర్సన్ నంబరు (ఇక్కడ ప్రతి ఒక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, చలికోటు గురించి మీ ఆఫీసువాళ్లో, ముందొచ్చిన మనవాళ్లో చెప్పేస్తారు. నేను చెప్పేది మెట్రో మ్యాపు గురించి. మొదట్లో ఆ స్టేషన్ల పేర్లు చూస్తే నాకు తల తిరిగేది. వాటి వెనక ఊరి చరిత్ర తెలిశాక దారులు వాటంతటవే గుర్తుండిపోయాయి.

హోల్మ్ అంటే మన గోదావరి వాళ్ల మాటలో లంక. స్టాక్ అంటే దుంగ. దుంగలలంక అనుకోండి, అవి ఏ దుంగలన్నది ఇక్కడివాళ్లకే తేలలేదు. ఊరికి పడమర ఉన్న మెలారెన్ సరస్సు ఒకప్పుడు సముద్రంలో భాగమే. మంచుయుగంలో మంచు బరువుకి అణిగిన నేల ఆ బరువు పోయాక మెల్లగా పైకి లేస్తోంది, ఇప్పటికీ ఏడాదికి దాదాపు అర సెంటీమీటరు. అలా లేచి లేచి సరస్సుకీ సముద్రానికీ మధ్య దారి ఇరుకైంది. ఆ ఇరుకును కాపలా కాసినవాడిదే లోపలి వ్యాపారమంతా. 1252 నాటి ఉత్తరాల్లో ఈ ఊరి పేరు మొదటిసారి కనబడుతుంది. వాటితో ముడిపడ్డ పేరు అప్పట్లో స్వీడన్ పాలన నడిపిన బిర్యెర్ యార్ల్. పడవలు దాటే లాకు ఉన్నచోటే స్లుస్సెన్ స్టేషను. స్లుస్ అంటే లాకు, అంతే. అన్నట్టు, నగరం తాగేది ఆ మెలారెన్ నీళ్లే. కుళాయి నీళ్లు హాయిగా తాగండి, సీసాలు కొనకండి.

మొదటి ఆదివారం గమ్లా స్టాన్‌లో దిగి ఊరికే నడవండి. పేరుకి అర్థం పాత ఊరు. మోర్టెన్ ట్రోట్సిగ్ సందు ఒకచోట 90 సెంటీమీటర్లే. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. స్టూర్టోర్యెట్ చౌకులో మాత్రం కాసేపు ఆగండి. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఈ ఊళ్లో స్వీడన్ రాజుగా పట్టాభిషేకం చేయించుకుని, విందులు ముగిసీ ముగియకముందే ఈ చౌకులో 80 మందికి పైగా ప్రముఖుల తలలు తీయించాడు. చచ్చినవాళ్లలో ఒకాయన కొడుకు గుస్తావ్ వాసా తిరగబడి 1523 జూన్ 6న స్వీడన్ రాజయ్యాడు. మీకు జూన్ 6న సెలవు వచ్చేది అందుకే.

మాల్మ్ అంటే నిఘంటువులో ఖనిజమని ఉంటుంది. సోడర్‌మాల్మ్, ఓస్టర్‌మాల్మ్ పేటల పేర్లలో మాత్రం ఇసుకా గులకా కలిసిన మెట్ట. లంక పట్టక జనం మెట్టలెక్కారు. ఆ మెట్టల అంచున స్కాన్స్‌టుల్, హోర్న్స్‌టుల్ స్టేషన్లు ఉన్నాయి. టుల్ అంటే సుంకం. 1622 నుంచి 1810 దాకా ఊళ్లోకి వచ్చే తిండిగింజలకీ సరుకులకీ ఇలాంటి గేట్ల దగ్గరే పన్ను కట్టించుకునేవారు. కారు కొన్నాక మీకూ ఆ అనుభవం తప్పదు: నగరం నడిమధ్యకి వెళ్లివచ్చే కార్లకి 2007 నుంచి రద్దీ పన్ను ఉంది, కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది, బిల్లు తర్వాత వస్తుంది.

ఇక ఇల్లు. మనవాళ్లు ఎక్కువగా చేరే షీస్తా (కిస్టా అని రాసి ఉంటుంది, అలా పలికితే ఎవరికీ అర్థం కాదు), హుస్‌బీ, అకాల్లా ఒకప్పటి సైనిక శిక్షణ మైదానంలో లేచాయి. ఇళ్ల కరువు తీర్చడానికి 1965–74 మధ్య దేశమంతా పది లక్షల ఇళ్లు కట్టారు. ఈ శివార్లు ఆ ఊపులో వచ్చినవే. హుస్‌బీ వీధులకి నార్వే పేర్లు, అకాల్లావాటికి ఫిన్లాండ్ పేర్లు, షీస్తావాటికి డెన్మార్క్, ఐస్‌లాండ్ పేర్లు. అడ్రసు చూడగానే ఏ స్టేషనో చెప్పేయొచ్చు. అన్ని ఇళ్లు కట్టినా కరువు తీరలేదు, అద్దె ఇళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. పర్సన్ నంబరు వచ్చిన రోజే అందులో పేరు రాయించుకోండి. రెండేళ్లు బద్ధకించి నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

షీస్తాలో నీలి లైను ఎక్కి ఊళ్లోకి వెళ్తే ఆఖరి స్టేషను కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్, అంటే రాజుగారి తోట. ఈ స్టేషను ద్వారం కోసం 1971 మే నెలలో తోటలోని ఎల్మ్ చెట్లు కొట్టబోతే జనం రాత్రికి రాత్రి వచ్చి కొమ్మలెక్కి కూర్చున్నారు. అధికారులు చెట్లను వదిలేసి ద్వారాన్నే పక్కకి జరిపారు.