ఉదయగిరి వెళ్తే గరిటె తెచ్చుకోండి

నెల్లూరు వచ్చిన చుట్టాలకి మలై కాజా కట్టిచ్చి పంపేస్తాం. ఈసారి ఒక పూట ఉదయగిరి కూడా తిప్పండి. కొండ మీది కోట చూడాలంటే పొద్దున్నే ఎక్కాలి, పదయ్యిందంటే మన ఎండ సంగతి తెలిసిందే. నీళ్లు కిందే పట్టుకోండి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలిచిన దుర్గం ఇది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు.

దిగాక చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్లకు వెళ్లండి. భౌగోళిక గుర్తింపు ఉన్న పనితనం. నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. వార్నిష్ వెయ్యనివి అడిగి తీసుకోండి. పిడి నిండా నగిషీ ఉన్నవి షోకేసులో బాగుంటాయి గానీ ఆ సందుల్లో పులుసు ఇరుక్కుంటుంది, వంటకి నున్నటివే మేలు. సింకులో నానబెట్టొద్దు. వెంటనే కడిగి, నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కొబ్బరినూనె చుక్క రుద్దండి. నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడవు. చేపల పులుసులో మాత్రం ఏ గరిటే పెట్టకండి, ముక్క విరుగుతుంది. దాకని గుడ్డతో పట్టుకుని తిప్పడమే.