ఇన్సూరెన్స్ ఏజెంటును ఎంచుకోవడం, ప్రపోజల్ ఫారం దగ్గర జాగ్రత్తపడటం

మన దగ్గర పాలసీ ఎక్కువగా తెలిసినవాళ్ల చేతుల మీదుగానే వస్తుంది. మేనమామో, పక్కింటి మాస్టారో ఫారం తెస్తే మొహమాటానికి సంతకం పెట్టేస్తాం. తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవడంలో తప్పులేదు, కానీ కొత్తవాళ్లను అడిగే ప్రశ్నలే వాళ్లనూ అడగాలి.

ముందుగా, ఆయన ఎవరి తరఫు మనిషో తెలుసుకోండి. వ్యక్తిగత ఏజెంటు కంపెనీ తరఫున పనిచేస్తారు. జీవిత బీమాలో ఒక్క కంపెనీ పాలసీలే అమ్ముతారు. కాబట్టి "అన్ని కంపెనీలూ చూశాను, ఇదే మంచిది" అంటే ఆ మాటకు విలువ ఇవ్వక్కర్లేదు. బ్యాంకులో అమ్మేవాళ్లు కార్పొరేట్ ఏజెంట్లు, వాళ్లూ కొన్ని కంపెనీలకే పరిమితం. చట్టప్రకారం కొనేవారి తరఫున నిలబడేది బ్రోకరు.

తర్వాత లైసెన్సు నంబరు అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సైటులోని ఏజెంట్ లొకేటర్‌లో గానీ కంపెనీ బ్రాంచిలో గానీ సరిచూడవచ్చు. చాలాచోట్ల ఏజెన్సీ భార్య పేరునో తమ్ముడి పేరునో ఉంటుంది, తిరిగేది ఇంకొకరు. అలాంటప్పుడు ఇచ్చిన మాటకు కాగితం మీద ఎవరూ బాధ్యులు కారు. మీతో మాట్లాడే మనిషి పేరే ఏజెంటుగా పాలసీ మీద రావాలని పట్టుబట్టండి.

మనిషిని అంచనా వేయడానికి ఒక మంచి పరీక్ష ఉంది. గడువులోపు పోతేనే డబ్బొచ్చే పాలసీని టర్మ్ అంటారు. "కోటి రూపాయల టర్మ్ పాలసీకి ఏడాదికి ఎంతవుతుంది?" అని అడగండి. లెక్క వేసి చూపిస్తే మంచిదే. "పోతేనే డబ్బొస్తుంది, అది దండగ" అంటూ మధ్యమధ్యలో కొంత డబ్బు తిరిగిచ్చే మనీబ్యాక్ వైపు తిప్పితే కారణం కమీషన్. అది ప్రీమియంలో వాటాగా వస్తుంది. ఏడాదికి 50,000 కట్టే ఎండోమెంట్ (గడువు తీరినా డబ్బొచ్చే పాలసీ) మీద వచ్చేది, కొన్ని వేలు కట్టే టర్మ్ మీద రాదు. మీ కుటుంబానికి మాత్రం ఆ 50,000కు దొరికే కవరు (పోతే వచ్చే మొత్తం) సాధారణంగా కొన్ని లక్షలే. మొదటి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తానంటే ఒప్పుకోకండి. బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది. పైగా కమీషన్ వదులుకున్న మనిషికి తర్వాత మీ పని మీద తిరిగే ఓపిక ఉండదు.

ప్రపోజల్ ఫారం

పాలసీ కోసం కంపెనీకి ఇచ్చే దరఖాస్తు ఇది. క్లెయిములు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుని, ఆరోగ్య ప్రశ్నలన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టడం మామూలైపోయింది. షుగర్ మాత్రలు, బీపీ, పాత ఆపరేషన్, సిగరెట్, గుట్కా, ఇదివరకు ఏ కంపెనీ అయినా తిరస్కరించి ఉంటే అది, ఏదీ దాచకండి. "చిన్న షుగరేగా, రాస్తే మెడికల్ అడుగుతారు" అని ఏజెంటు అన్నా మీ చేత్తో రాయండి. సంతకం మీది కాబట్టి అబద్ధం కూడా మీదే అవుతుంది. జీవిత బీమాలో మూడేళ్లు దాటితే 45వ సెక్షన్ ప్రకారం కంపెనీ పాలసీని ప్రశ్నించలేదు. ఆ లోపు మరణం సంభవిస్తే ఆసుపత్రి రికార్డులు తీసి క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది. ఆరోగ్య బీమాలో ఈ గడువు వరుసగా 60 నెలలు, ఆ తర్వాత కూడా మోసం రుజువైతే రక్షణ ఉండదు.

ఫారంలో మీ మొబైల్ నంబరు, మీ ఈమెయిలే ఉండాలి. ఏజెంటు తన నంబరు రాసుకుంటే ప్రీమియం గడువు, ల్యాప్స్ నోటీసు అన్నీ ఆయనకే వెళ్తాయి, మీకు తెలిసేసరికి పాలసీ ఆగిపోయి ఉంటుంది. నింపిన ఫారం ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.

డబ్బు ఏజెంటు ఫోన్‌పేకి వేయకండి. కంపెనీ లింకులోనో, కంపెనీ పేరున చెక్కుతోనో కట్టండి. ప్రీమియం కంపెనీకి చేరేదాకా కవరు మొదలుకాదు. రెన్యువల్ కూడా అంతే. గ్రేస్ గడువు (తేదీ దాటాక కూడా కట్టే వీలున్న రోజులు) ఏడాది, ఆరు నెలలు, మూడు నెలల ప్రీమియాలకు 30 రోజులు, నెలవారీకి 15 రోజులు. అది దాటి ల్యాప్స్ అయిన జీవిత బీమాను మళ్లీ బతికించాలంటే ఆరోగ్య ధ్రువీకరణ ఇవ్వాలి, పైన చెప్పిన మూడేళ్ల లెక్క కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏజెంటు నగదు తీసుకుని నెల ఆలస్యంగా కట్టడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

పాలసీ చేతికి వచ్చాక

అందిన రోజు నుంచి 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. స్టాంపు, మెడికల్ ఖర్చు, గడిచిన రోజుల రిస్కు ప్రీమియం మినహాయించి మిగతాది తిరిగిస్తారు. ఆ నెలలోనే ఆధార్ ప్రకారం పేరు, పుట్టినతేదీ, నామినీ, ఎన్నేళ్లు కట్టాలి అన్నవి చూడండి. "అయిదేళ్లు కడితే చాలు" అని నోటితో చెప్పి, కాగితంలో 15 ఏళ్లు ఉండటం తరచూ జరుగుతుంది. వివరాల పత్రం తెలుగులో కావాలని కంపెనీని అడగవచ్చు.

ఆరోగ్య పాలసీలో రూమ్ రెంట్ పరిమితి (ఆసుపత్రి గదికి రోజుకు కంపెనీ ఒప్పుకునే గరిష్ఠ అద్దె) ముందు వెతకండి. 5 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం పరిమితి ఉంటే 5,000. మీరు 8,000 రూములో చేరితే, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి ఖర్చులూ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. అలాంటి బిల్లు 2 లక్షలైతే ఇచ్చేది 1,25,000. వీలైతే పరిమితి లేని పాలసీ తీసుకోండి.

క్లెయిము వేళ ఏజెంటు సాయం తీసుకోండి, సమాచారం మాత్రం కంపెనీకి మీరే ఇచ్చి రిఫరెన్స్ నంబరు రాసుకోండి. ఏజెంటు పని మానేసినా పాలసీ ఆగదు, బ్రాంచిలో నేరుగా సేవలు అందుతాయి. సమస్య వస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు ఫోన్ చేసి గానీ దాని బీమా భరోసా పోర్టల్‌లో గానీ నమోదు చేయవచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫారం ఫోటోలు, రసీదులు, ఏజెంటు వాట్సాప్ మెసేజీలు ఫిర్యాదుకు జతచేయండి.